ఆవకాయ ముద్ద

పిడి మీది మీట నొక్కితే పడవ తెడ్డే తనంతట తాను నీళ్లు తోసుకుపోయే రోజులవి. అయినా మీట ముట్టకుండా, సొంత రెక్కల కష్టంతో చెరో కయాక్ పడవ నడుపుకుంటూ ఓ అండమాన్ దీవిని చుట్టి రావాలని ఇందీవర, ఆమె భర్త శ్రీవత్స పెళ్లిరోజున ఒట్టు పెట్టుకున్నారు. కూరగాయల పడవలవాళ్లు కూడా వాళ్లను చూసి నవ్వారు.

మూడోరోజు సాయంత్రం ఒడ్డున వంట చేసుకున్నారు. దారిపొడుగునా శ్రీవత్సే ముందున్నాడు. "కాస్త గట్టిగా వెయ్యి ఇందూ, నన్ను చూసి నేర్చుకో" అని అరుస్తూనే వచ్చాడు.

బొబ్బలు చిట్లిన చేతిని ఆవకాయ అన్నంలో పెట్టగానే ఇందీవర "అమ్మా!" అని వెనక్కి లాక్కుంది.

"ఉండు, నేను కలిపి పెడతా."

పొగలు కక్కే అన్నాన్ని అరచేత్తో మెదిపి, ఎర్రటి ముద్ద నోటికందించాడు. ఆమె తిని, ఆ చేతినే చూసింది.

"నీకు మండట్లేదా?"

"మండుతోంది... ఓర్చుకుంటున్నా."

ఆమె సీసాలోని నీళ్లు పోసి, చిట్లిన వేళ్లతోనే అతని చేయి కడిగింది. అరచెయ్యి నున్నగా ఉంది. బొటనవేలి కొస మాత్రం మీట నొక్కి నొక్కి కందిపోయింది.

"ఇంకో ముద్ద పెట్టు, ఆకలేస్తోంది" అంది.

శ్రీవత్సకు చెయ్యి లేవలేదు.