ఇటు చూడవే

“బాబాయ్, నిన్ను చూసి జనం భయపడటం లేదు. పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు,” అన్నాడు దర్శకుడు. “ఈ విలన్ వేషం ఎవరైనా కుర్రాడికి ఇచ్చేస్తా. ఏమీ అనుకోకు.”

ముసలి నటుడు దర్శకుడి చెయ్యి పట్టుకున్నాడు. ఈ వేషం పోతే ఇక మిగిలేవి మంచం మీద దగ్గే తాతయ్య వేషాలే.

ముప్పై ఏళ్లుగా ఆయనకు అన్నం పెట్టింది ఒక్క చెంపదెబ్బ. వేలికున్న ఎర్రరాయి ఉంగరాన్ని, రాయి అరచేతి వైపు వచ్చేలా నెమ్మదిగా తిప్పేవాడు. “ఇటు చూడవే” అనేవాడు, మెత్తగా. ఆ తర్వాత కొట్టేవాడు. నాటకాల రోజుల్లో ఆ దెబ్బకు జనం స్టేజీ మీదికి చెప్పులు విసిరారు. సినిమాల్లో ఎందరి గొంతులు నులిమినా, ఎందరిని జుట్టు పట్టి ఈడ్చినా, పేరు తెచ్చింది మాత్రం ఆ దెబ్బే.

ఎక్కడ నేర్చుకున్నారని పత్రికలవాళ్లు అడిగితే, “ఇంట్లో సాధన చేశా” అని నవ్వేవాడు.

“ఒక్కసారి చేసి చూపిస్తా. ఆ తర్వాత నీ ఇష్టం,” అన్నాడు దర్శకుడితో.

షూటింగు బస్టాండులో. ప్రయాణికులు చుట్టూ మూగారు. ఎదురుగా హీరోయిన్. నటుడు ఉంగరం తిప్పాడు.

“ఇటు చూడవే.”

ఎవరో ఈల వేశారు. ఇద్దరు కిసుక్కున నవ్వారు. దర్శకుడు పెదవి విరిచాడు.

అప్పుడు గుంపులోంచి ఒక పెద్దావిడ, కూతురి భుజం పట్టుకుని ముందుకొచ్చింది.

“ఆ మాట ఇంకోసారి అనవయ్యా.”

నటుడి ముఖం వెలిగిపోయింది. మళ్లీ అన్నాడు, ఇంకా మెత్తగా.

ఆవిడ ఆయన చెయ్యి అందుకుని ఉంగరం తడిమింది. చెంప నిమిరింది. దీవిస్తోందనుకుని నటుడు తల వంచాడు.

ఆవిడ స్టీలు నీళ్ల సీసాతో ఆయన ముఖం మీద కొట్టింది. పెదవి చీలింది. రెండో దెబ్బకు పన్ను ఊడి నేల మీద పడింది. మూడో దెబ్బకు ముక్కు చితికి, చొక్కా అంతా రక్తమైంది. నలుగురు పట్టుకుంటే గానీ ఆవిడ ఆగలేదు.

“వదలండయ్యా ఆవిణ్ణి,” అన్నాడు నటుడు రక్తం ఉమ్మేసి. నవ్వుతున్నాడు. “చూశావా అబ్బాయ్? జనం నా పక్కన ఫొటోలు దిగుతున్నారన్నావు.”

“వేషం నీదే బాబాయ్. ముందు ఆస్పత్రికి పద.”

“ఏ సినిమాలో చూశావు తల్లీ నన్ను?” అని చేతులు జోడించాడు నటుడు.

కూతురు గాభరాగా ఆవిణ్ణి లాక్కెళ్లి కదలబోతున్న బస్సెక్కించింది.

“ఏం పనమ్మా అది? ఆయన సినిమా విలన్. నిజంగా ఎవర్నీ కొట్టడు. అదంతా నటన.”

తడిసిన సీసాను ఆవిడ రుమాలుతో నిదానంగా తుడిచింది.

“మీ నాన్న నటన నేనెలా చూస్తానే, ఆ ఉంగరమే తిప్పి ‘ఇటు చూడవే’ అంటూ నా రెండు కళ్లూ పోగొట్టాక.”