మాల తీశాక

వ్యాను గుడివాడలో వైన్ షాపు ఎదురుగా ఆగగానే అందరూ బిలబిలమంటూ దిగారు. మధ్యాహ్నం బెజవాడ కొండ మీద భవానీ మాల తీయించుకున్నవాళ్ళే వాళ్ళంతా. నలభై రోజులు ఉల్లిపాయ కూడా ముట్టని నాలుకలు మరి, పెడన దాకా ఆగుతాయా?

దుర్గాప్రసాద్ ఒక్కడే దిగలేదు. ఎర్రచొక్కా మీద తువ్వాలు కప్పుకుని, వెనక సీట్లో తల వంచుకు కూర్చున్నాడు. గురుభవాని నాంచారయ్యకు అనుమానమొచ్చి తువ్వాలు పక్కకి లాగాడు. కింద మాల అలాగే ఉంది.

"తీయించుకోలేదేం?"

"ఇరుముడి ఇచ్చేసి, వరసలోంచి తప్పుకున్నానండి."

"ఎందుకు?"

"తీస్తే నేనూ దిగుతానండి," అన్నాడు ప్రసాద్, షాపు వైపు చూడకుండా.

నాంచారయ్యకు ఒళ్ళు మండింది. ఎన్నో ఏళ్ళుగా పెడనలో అద్దకం పనివాళ్ళకు మాలలు వేస్తున్నాడు, తీస్తున్నాడు. తీయనన్నవాణ్ణి చూడటం ఇదే మొదలు.

"దీక్ష అయిపోయాక మెడలో ఉంచుకోవడం తప్పు భవానీ. అసలు నువ్వు అమ్మ కోసం వేసుకున్నావా, మందు కోసం వేసుకున్నావా?"

ప్రసాద్ నిజమే చెప్పాడు. "మందు కోసమేనండి. మాల ఉంటే ఆ షాపు గుర్తే రాదు. నిరుడు తీసిన రోజు మొదలుపెట్టి, మళ్ళీ మాల వేసేదాకా ఆపలేదు."

అంతలో ఫోను మోగింది. భార్య తేజస్విని.

"మాల తీశారా?"

"ఇంకా లేదు."

"తీసేయండి. నాకు ఇంటికి మాల రావడం కాదు, మనిషి రావాలి. నిరుడు వచ్చిన మనిషే అయితే మాత్రం తలుపు తీయను. పిల్లని తీసుకుని చల్లపల్లి మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను." "మీటింగు అడ్రసు పెట్టాను చూడండి. మందు మానేసినవాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటారట. గుడివాడలోనే, చర్చి వెనక బళ్ళో, ఆదివారం ఐదింటికి. ఆస్పత్రిలో నర్సుగారు చెప్పారు. ఇవాళ ఆదివారమే కదా, వెళ్ళండి. మీకు దణ్ణం పెడతాను."

పక్కనే ఉన్న నాంచారయ్యకు అంతా వినపడింది. కోపం దిగిపోయింది. ఏదో శ్లోకం గొణిగి, మాల తీసి కళ్ళకద్దుకున్నాడు.

"వెళ్ళిరా ప్రసాదూ. ఎంతసేపైనా వ్యాను ఆపుతాను," అన్నాడు. మాల పోగానే భవానీ కాస్తా ప్రసాదు అయిపోయాడు.

"ఒరేయ్, దిగరా. నీకూ పోయించాను," షాపు దగ్గర్నుంచి శ్రీను గ్లాసెత్తి పిలిచాడు.

ప్రసాద్ కాళ్ళు అటే తిరిగాయి. నోట్లో నీళ్ళూరాయి. తన మీద తనకే అసహ్యం వేసింది. వ్యాను అవతలి తలుపు తీసుకుని దిగి, వెనక ఎవరో తరుముతున్నట్టు నడిచాడు.

చర్చి గేటు ముందు ఆగి, ఈ ఎర్రబట్టలతో లోపలికి వెళ్ళొచ్చో లేదోనని తటపటాయించాడు. అరటిపళ్ళమ్మే ఆవిణ్ణి బడి ఎటని అడిగితే, "ఈ సందులోంచి వెనక్కి వెళ్ళు భవానీ," అంది.

గదిలో పిల్లల బెంచీల మధ్య ఒకే ఒక్కాయన కూర్చుని ఉన్నాడు. అరవై దాటి ఉంటాయి. తలుపు చప్పుడుకి ఉలిక్కిపడ్డాడు.

"మీటింగు ఇక్కడేనాండీ?"

"ఇక్కడే బాబూ. రా, కూర్చో. నా పేరు యలమంద."

"మిగతావాళ్ళు రాలేదాండీ?"

"ఈమధ్య తగ్గిపోయారు. ఒకాయన పోయాడు. కొందరు మళ్ళీ మొదలుపెట్టారు. ఫర్లేదు, ఇద్దరున్నా మీటింగే. పేరు చెప్పు చాలు, ఇంటిపేరు అక్కర్లేదు."

"ప్రసాదండి. మా దీక్షలో అయితే పేరు కూడా ఉండదు, అందరం భవానీలమే." నవ్వబోతే ఏడుపొచ్చింది. ఇక దాచుకోలేకపోయాడు. శ్రీను ఎత్తిన గ్లాసు గురించి, నోట్లో ఊరిన నీళ్ళ గురించి, తలుపు తీయనన్న తేజస్విని గురించి చెప్పేశాడు.

"మీరు మానేసి ఎన్నాళ్ళయిందండీ?" కళ్ళు తుడుచుకుంటూ అడిగాడు ప్రసాద్.

"మా మనవరాలు పుట్టినప్పుడు మానేశాను. ఇప్పుడది ఆరో క్లాసు."

ప్రసాద్‌కు ప్రాణం లేచొచ్చింది. మెడలో ఏ మాలా లేకుండా అన్నేళ్ళు ఉండగలిగిన మనిషిని అతను ఇంతవరకూ చూడలేదు.

"అయితే మీకు ఇంక ఏ భయమూ లేదన్నమాట. నాకు ఈ ఒక్క రాత్రి గడిస్తే చాలండి. ఎలా గడపాలో కాస్త చెప్పండి."

యలమంద జేబులోంచి మూత విప్పని క్వార్టరు సీసా తీసి బెంచీ మీద పెట్టాడు.

"ఇవాళ కూడా ఎవరూ రాకపోతే తాగేద్దామని కూర్చున్నాను బాబూ."