సున్నా రాని వేలు

“అంకుల్, చేతికి ఏమైనా రాసుకున్నారా? ఏ బామో, ఆయింట్‌మెంటో?”

“నీ సబ్బుతోనే కడుక్కొచ్చానమ్మా!” వీరభద్రం గారు వణుకుతున్న వేలు మళ్ళీ చాపారు.

స్క్రీన్ మీద మళ్ళీ సున్నా రాలేదు. మృదుల నిట్టూర్చింది.

డెట్రాయిట్ దగ్గర ఓ యూనివర్సిటీ ల్యాబ్ అది. మనసు అదుపు తప్పే జబ్బుకి లిథియం మాత్రలు వేసుకునేవాళ్ళు అస్తమానం పరీక్షకి రక్తం ఇస్తూ ఉండాలి. సూది లేకుండా, వేలి చెమటలోనే లిథియం ఎంతుందో చెప్పే ఎలక్ట్రోడ్ తయారు చేస్తోంది మృదుల. చూడ్డానికి పెన్నంత పుల్ల.

మాత్రలు వాడనివాళ్ళ చెమటలో అది సున్నా చూపించాలి. లేకపోతే పేపర్ లేదు. పేపర్ లేకపోతే పీహెచ్‌డీ లేదు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కావాలని గుళ్ళో చెబితే కొందరు వచ్చారు. అందరి అంకె కొంచెం పైకి, వీరభద్రం గారిది మరీ పైకి.

ఆయన పక్కనే ట్రాయ్ అనే ఊళ్ళో కార్ల కంపెనీలో రిటైరైన మనిషి. “మందులేమీ వాడను” అన్నారు. ప్రతి శుక్రవారం పెద్ద నీళ్ళ సీసాతో దిగేవారు. అన్నీ ప్రశ్నలే.

“ఎంత తక్కువున్నా పసిగడుతుందా తల్లీ ఇది?”

“ఇంకా లేదంకుల్. ఆ పనిలోనే ఉన్నా.”

“పసిగడితే, జబ్బున్నవాడు నోరు విప్పి చెప్పక్కర్లేదన్నమాట.”

గటగటా నీళ్ళు తాగారు.

“అన్ని నీళ్ళేంటంకుల్!”

“పెట్రోల్ కొట్టిస్తున్నా. పాత బండి, మైలేజీ రాదు.”

మృదులకి నవ్వు రాలేదు. “ఏమనుకోకండి. ఈ పాడు పుల్లే సరిగ్గా పనిచేయదు, పైగా మీ శాంపిల్‌తో నా డేటా పాడవుతోంది. వచ్చే వారం నుంచి రావద్దు.”

ఆయన సీసా మూత బిగించి, ఆ పుల్ల వైపు చూశారు.

“దాన్ని తిట్టకు, పాపం,” అని వెళ్ళిపోయారు.

తప్పెక్కడుందో తర్వాత దొరికింది. పనిచేయడానికని పుల్ల లోపల పోసిన లిథియం ద్రావణం మరీ చిక్కన. అది పుల్ల చివరున్న పల్చటి పొరలోంచి ఊరి, పరీక్షించే చెమటలో కలుస్తోంది. దేన్ని వెతకాలో దాన్నే వదులుతోంది!

మృదుల దాన్ని బాగా పలచన చేసింది. ప్రతిసారీ అందరి దగ్గరా కొంచెం చెమట తీసి ఫ్రిజ్‌లో దాచిన శాంపిళ్ళన్నీ మళ్ళీ చూసింది.

సున్నా. సున్నా. సున్నా.

వీరభద్రం గారిది కాస్త దిగి, అక్కడే ఆగిపోయింది.

పుల్ల కడిగి మళ్ళీ చూసింది. వేరే శుక్రవారాలవీ చూసింది. ఆస్పత్రి నుంచి వచ్చిన పేషెంట్ల శాంపిళ్ళ పక్కన పెట్టి చూసింది.

తేడా లేదు.

చేతుల వణుకు, తీరని దాహం. ఆ మాత్రలు వాడితే వచ్చేవే. థీసిస్ మొదటి పేజీలో తనే రాసింది.

ఫోన్ చేసింది. ఆ నంబర్ పనిచేయడం లేదు.

గుళ్ళో అడిగింది. “ఇల్లమ్మేసి వెళ్ళిపోయారమ్మా. ఎక్కడికో చెప్పలేదు.”

ఆ పుల్లని తను ఎవరి కోసం తయారు చేస్తోందో, వాళ్ళలో అందరికన్నా ముందు వచ్చి వేలు చాపింది వీరభద్రం గారే.