మెరిసే పిస్తోలు

“ఇది రెండొందల ఏళ్ల నాటిదా? నిన్న షాపులోంచి తెచ్చినట్టుందేమయ్యా!”

రాధాకృష్ణ గారు ఇత్తడి పిస్తోలును కిటికీ వెలుగులో తిప్పి చూశారు. అమెరికాలోని మోరిస్‌విల్‌లో పాత ఆయుధాలు సేకరించేవాళ్ల క్లబ్‌కి ఆయన ప్రెసిడెంట్. మీటింగ్ ఆయన ఇంట్లోనే. కొత్తగా చేరేవాళ్లు తాము కొన్న మొదటి పిస్తోలు తెచ్చి, దాని కథ చెప్పాలి. కథ నచ్చితేనే మెంబర్‌షిప్.

ఆ పిస్తోలు తెచ్చిన కౌస్తుభ్ నసిగాడు. “అంటే అంకుల్... కొన్నప్పుడే అలా...”

“అబద్ధం!” పక్కనే ఉన్న భార్య రాగిణి నవ్వేసింది. “నల్లగా ఉండేదండీ. దసరాకి ఆయుధపూజలో పెడదామని చింతపండుతో నేనే తోమాను. ఎలా మెరుస్తోందో చూడండి!”

మెంబర్లందరూ గతుక్కుమన్నారు.

“ఆ నలుపు పట్టడానికే రెండొందల ఏళ్లు పట్టిందమ్మా. దాని విలువంతా అందులోనే ఉంది,” అన్నారు రాధాకృష్ణ మెల్లగా.

రాగిణి ముఖం వాడిపోయింది. “నేను తోమి ఆరేళ్లయింది కౌస్తుభ్! ఒక్క మాటైనా అనలేదేంటి?”

“దాని మెరుపు చూసి నువ్వు చప్పట్లు కొట్టావుగా. ఇంకేమంటాను?”

రాధాకృష్ణ పగలబడి నవ్వారు. “నీదే నయమయ్యా! నా మొదటి పిస్తోలును మీ ఆంటీ డిష్‌వాషర్‌లో వేసింది. వారం రోజులు తనతో మాట్లాడలేదు నేను.”

“పది రోజులు!” వంటింట్లోంచి ఆయన భార్య లక్ష్మీకాంతం గారి గొంతు వినిపించింది. “ఆ అబ్బాయికి మెంబర్‌షిప్ ఏం సరిపోతుంది? ప్రెసిడెంట్‌ని చేసేయండి!”