సమానమైన గీతలు

“ఏడో నంబరు పోయింది,” అంది, ల్యాబ్‌లో అందరూ ఎలుకలక్క అని పిలిచే ఆమె, పంజరం మూత తీసి.

తెల్ల ఎలుక చక్రం పక్కనే ఒత్తిగిలి పడి ఉంది. నిన్నటిదాకా దిట్టంగానే ఉంది. తిండి తగ్గలేదు, ఒంటి నునుపూ తగ్గలేదు. చక్రమెక్కి కాసేపు పరుగెత్తింది, దిగింది, అంతే. దానితో ఒకే ఈతలో పుట్టిన ఆరో నంబరు మాత్రం పక్క పంజరంలో ఏమీ ఎరగనట్టు మూతి తుడుచుకుంటోంది.

గుమ్మంలో నిలబడ్డ తమ్ముడు మెడ చాచి చూశాడు. “నేను కూడా ఇలాగే పోతానని కదూ నీ భయం?”

“నోర్ముయ్.”

“అది కాదక్కా, సాయంత్రమే పరుగు పరీక్ష. నెగ్గితే అగ్నిమాపక దళంలో చేరిపోతాను. ఇన్నాళ్ళూ దానికోసమే ఒళ్ళు హూనం చేసుకున్నాను. వెళ్ళమంటావా, వద్దంటావా, అది చెప్పు.”

“ఇంకో పావుగంటలో నీ కండరం పరీక్ష ఫలితం వస్తుంది. అందాకా మైదానంలో కూర్చో. నేను ఫోన్ చేసేదాకా ఒక్క అడుగు కూడా పరుగెత్తకు.”

“టీ కోసమని పైకెళ్ళొస్తేనే నువ్వు రొప్పుతావు. నా పరుగు సంగతి నీకెందుకే తల్లీ?”

“పదేళ్ళు నాలా రోజంతా నిలబడి పనిచెయ్యి, నీ కాళ్ళకూ నీరు పడుతుంది. అప్పుడు మాట్లాడు.”

వాడు నవ్వుకుంటూ మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఆమెకు నవ్వు రాలేదు.

నేలమాళిగలోని ఆ ల్యాబ్‌లో పదేళ్ళుగా ఆమెది ఒకటే పని. గుండెలోనూ కాలి కండరాల్లోనూ ఉండే ఒక ప్రోటీన్ ఎవరిలో ఎంత ఉందో కొలవడం. సాగిన కండరం మళ్ళీ యథాస్థానానికి రావాలంటే అది ఉండి తీరాలి. సగమే ఉన్న ఎలుకలు పైకి బాగానే కనిపిస్తాయి. పరుగెత్తినప్పుడే బయటపడుతుంది, బయటపడ్డాక చేసేదేమీ ఉండదు. నాన్న కూడా నలభై నిండకుండానే, కదులుతున్న బస్సు వెనకాల పరుగెత్తి ఎక్కి, సీట్లో కూర్చుని తల వాల్చేశాడు. ఎలుక చచ్చిన ప్రతిసారీ ఆమెకు ఆ బస్సే కళ్ళముందు కదులుతుంది. అందుకే కాళ్ళావేళ్ళా పడి తమ్ముణ్ణి ఒప్పించి, డాక్టరు చేత వాడి తొడ నుంచి బియ్యపు గింజంత ముక్క తీయించింది.

నమూనాలన్నీ గీతలుగా పడ్డ ఫిల్మ్ వచ్చింది. దీపం ముందు పెట్టి చూసింది.

ప్రోటీన్ ఎంత ఉంటే గీత అంత నల్లగా వస్తుంది. ఎలుకకైతే దాని తోబుట్టువునే పక్కన పెట్టి పోలుస్తారు. మనిషికి అలా కుదరదు కాబట్టి, ఫ్రీజర్‌లో ‘ఆరోగ్యవంతులు’ అని రాసి ఉన్న పాత డబ్బాలోంచి నాలుగో నంబరు ట్యూబు తీసి వాడింది. డబ్బాలో పేర్లుండవు, నంబర్లే.

తమ్ముడి గీత, నాలుగో నంబరు గీత అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. చివరన, ల్యాబ్ పెద్ద అయిన పెద్దమేడం ఆసుపత్రి నుంచి తెప్పించి వెయ్యమన్న కొత్త నమూనా గీత మాత్రం నల్లగా, లావుగా వచ్చింది. చెయ్యి జారి ఎక్కువ పోసినట్టున్నాననుకుని ఆమె దాని వంక మళ్ళీ చూడలేదు.

వెంటనే ఫోన్ చేసింది. “పరుగెత్తరా. నీ ఓపిక ఉన్నన్ని చుట్లు తిరుగు. నీకేం లేదు.”

ఫోన్ పెట్టేసి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఇన్నేళ్ళ బరువు ఒక్కసారిగా దిగిపోయింది.

“ఏమిటమ్మా, ఏమైంది?” అంటూ పెద్దమేడం వచ్చింది.

“మంచి వార్తే మేడం. మా తమ్ముడికి సమానంగా ఉంది.”

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని ఫిల్మ్ అందుకుంది. దాన్ని దీపానికి ఎదురుగా పట్టి చివరిదాకా చూసింది. “కింది గీతలు చూశావా?”

ఆమె చూడలేదు. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజే తను నేర్పే పాఠం అది. కింది గీతలు అందరిలోనూ ఒకేలా ఉండే మరో ప్రోటీన్‌వి. ఎక్కువ పోస్తే అవీ నల్లబడతాయి. ఇప్పుడు మూడూ సమానంగానే ఉన్నాయి.

“నువ్వు ఎక్కువ పోయలేదమ్మా,” అంది పెద్దమేడం మెల్లగా. “చివరిదే ఆరోగ్యంగా ఉన్న మనిషిది. మిగతా రెండూ సగమే.”

ఆమె తమ్ముడికి ఫోన్ చేసింది. ఫోన్ మోగింది, మోగింది. ఐదోసారికి వాడు ఎత్తాడు, రొప్పుతూ.

“ఎన్ని చుట్లయ్యాయి?”

“మూడోది సగంలో…”

“ఆగు. ఉన్నచోటే కూర్చో.”

“ఏమైందక్కా?”

“కూర్చున్నావా?”

“కూర్చున్నా.”

“కదలకు. డాక్టర్ని తీసుకుని నేనొస్తున్నా.”

ఆమె ఫోన్ పెట్టేసింది. లిఫ్టు మీట నొక్కింది. అది పైన ఎక్కడో ఉండిపోయింది.

“మేడం, ఆ నాలుగో నంబరు ఎవరో చూడండి. పాపం, వాళ్ళకీ తెలిసి ఉండదు. ఇవాళే చెప్పాలి,” అంటూ మెట్లవైపు పరుగు తీసింది.

వెనక సొరుగు తెరుచుకున్న చప్పుడు. పుస్తకం పేజీలు తిరిగిన చప్పుడు. ఆ తర్వాత, ఎప్పుడూ నిదానంగా నడిచే పెద్దమేడం చెప్పులు టపటపమంటూ మెట్ల దాకా వచ్చాయి.

“ఆగమ్మా, పరుగెత్తకు. ల్యాబ్ పెట్టిన కొత్తలో నమూనాలు ఎవరూ ఇవ్వలేదు. మనమే తలా ఓ ముక్క ఇచ్చుకున్నాం, గుర్తుందా?”

“ఇప్పుడవన్నీ ఎందుకు మేడం, వాడక్కడ ఒక్కడే ఉన్నాడు,” అంది ఆమె రొప్పుతూ, రెండేసి మెట్లు ఎక్కుతూ.

“నాలుగో నంబరు నువ్వేనమ్మా.”