వెనక రెండూ చాలు

“నాలుగు టైర్లూ మార్చాల్సిందే,” అన్నాడు మెకానిక్ తౌనో.

జాకీ మీదికెక్కిన ఆ నల్లకారు ఒకప్పుడు ఏ కోటీశ్వరుణ్నో మోసి ఉంటుంది. తోలు సీట్లు, లోపలంతా నున్నటి చెక్కపని. కైసాకి మాత్రం మేనమామ వీలునామాలో వచ్చింది. కుడివైపు దీపం ఎడమదానికంటే కొత్తగా మెరుస్తోంది. వేసవిలో ఆ కారు మహారాణి. మంచు పడిందంటే వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. కారు కదలదు. కదిలితే ఆగదు.

అమెరికా ఉత్తరపు కొసన, సుపీరియర్ సరస్సు మీది గాలికి ఆ ఊళ్లో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మంచే. ఊరికీ ఆసుపత్రికీ మధ్య ఒక కొండ. కైసా వాళ్లమ్మకి వారానికి మూడుసార్లు డయాలసిస్. రెండేళ్లుగా తీసుకెళ్తున్న పొరుగింటి దంపతులు ఈసారి చలికి జడిసి ఫ్లోరిడా చెక్కేశారు. సోమవారం నుంచి కైసాయే తీసుకెళ్లాలి. ఒకసారి తప్పితే అమ్మ ఒళ్లు ఉబ్బుతుంది. రెండుసార్లు తప్పితే అమ్మ ఉండదు.

షెడ్డులో పట్టా కింద పడి ఉన్న కారుని తౌనోయే తన లారీకి కట్టి లాక్కొచ్చాడు. కైసా దాని వైపు చూడకుండా గోడకి ఆనుకుని నిలబడింది.

పొయ్యి పక్క కుర్చీలో నారింజరంగు కోటు వేసుకున్న మనిషి ఒకడు. వంతెన అవతల, దక్షిణాది ఊళ్ల నుంచి జింకల వేటకి వచ్చాడు. అతని జీపు పంక్చరు వేసి గంటయింది. వెచ్చగా ఉందని లేవడం లేదు. కాఫీ తౌనోది, కబుర్లు తనవి.

“నాలుగెందుకు పెద్దాయనా? తోసేది వెనక చక్రాలేగా? వెనక రెండూ చాలు. ముందువి ఊరికే దొర్లుతాయి.”

ఈ ఊళ్లోనూ పాతకాలం వాళ్లు చాలామంది అనే మాటే అది. తౌనో చేతిలో పానా ఆగింది.

“తోసేది వెనకవే. దారి తిప్పేది ముందువి. రెండు చాలన్నవాడి నోరు పడిపోవాలి.”

కైసా చటుక్కున తలెత్తి తౌనోని చూసింది. మళ్లీ దించేసుకుంది.

“అబ్బో! మాటంటే మంటే! వంతెన అవతలి వాళ్లమంటే మరీ అంత అలుసా?” అని నవ్వాడు వేటగాడు. “ఏమ్మా, ఇంత యాతన పడే బదులు దీన్ని అమ్మి పారెయ్యరాదూ?”

“ఈ ఊళ్లో ఎవరూ కొనరండీ,” అంది కైసా.

“ఎందుక్కొంటారు, మంచులో పందిలా పొర్లేదాన్ని!”

ఎవరూ నవ్వలేదు.

తౌనో మంచు టైర్లు నాలుగూ బిగించాడు. డిక్కీలో ఇసుక మూటలు నాలుగు పెట్టాడు. చివర్న కాదు, సరిగ్గా వెనక ఇరుసు మీదికి. తాడేసి కట్టాడు.

“కట్టకపోతే ఇవే నీ వీపు మీదికొస్తాయి,” అన్నాడు. పార, దుప్పటి, తగరపు డబ్బాలో కొవ్వొత్తి కూడా సర్దాడు. “ట్యాంకు సగానికి దిగనీకు. ఎక్కడైనా కూరుకుపోతే పొగగొట్టం చుట్టూ మంచు తీశాకే ఇంజను వెయ్యి.”

కైసా పర్సు తీసింది.

“లోపల పెట్టు అమ్మాయ్.”

వేటగాడు కన్ను గీటాడు. “ఊరికేనా? ఈ సేవ సంగతి ఇంట్లో ఆవిడకి తెలుసా?”

“తెలిసే ఉంటుంది,” అన్నాడు తౌనో, టోపీ పెట్టుకుంటూ.

చర్చి ఎదుటి ఖాళీ జాగాలో పాఠం మొదలైంది. కైసా స్టీరింగ్ ముందు కూర్చుంది.

“బ్రేకు జోలికి పోకు. కారు తోక ఎటు జారితే అటే స్టీరింగ్ తిప్పు. నువ్వు పోవాల్సిన వైపు చూడు, భయపడే వైపు కాదు.”

కారు బొంగరమైంది.

“మళ్లీ.”

ఇంకోసారి బొంగరమైంది.

“మళ్లీ.”

ఇరవయ్యోసారికి తోక దారికొచ్చింది.

“ఇక కొండ,” అన్నాడు.

“కొండ వద్దు తౌనో గారూ. ఇవాళ్టికి...”

“సోమవారం మీ అమ్మని ఆకాశంలోంచి తీసుకెళ్తావా?”

కొండ మీదిదాకా తనే నడిపాడు. దిగేటప్పుడు ఆమెకి అప్పగించాడు. సగం దిగాక మలుపు. మలుపు పక్కనే తౌనో ఇల్లు. ఇంటి ముందు, రోడ్డు వారగా, ఒట్టి గుంజ ఒకటి. దాని మీది ఉత్తరాల పెట్టె ఇప్పుడు లేదు. తౌనో తపాలా ఆఫీసుకి వెళ్లి ఉత్తరాలు తెచ్చుకుంటున్నాడు.

మలుపు కనబడగానే కైసా కారు ఆపేసింది.

“నా వల్ల కాదు.”

తౌనో తలుపు తీసుకుని దిగాడు. మంచులో మెల్లగా నడుచుకుంటూ వెళ్లి, ఆ గుంజ పక్కన నిలబడ్డాడు. కారు వైపు తిరిగాడు.

“ఇప్పుడు రా!” అని అరిచాడు.

“పక్కకి జరగండి! మీకు దణ్ణం పెడతాను, జరగండి!”

“రా అమ్మాయ్! నన్ను చూడకు, దారి చూడు!”

ఎంతసేపు ఏడ్చిందో ఏడ్చింది. తర్వాత కారు కదిలింది. మలుపులో తోక జారింది. కైసా బ్రేకు తొక్కలేదు. జారిన వైపే తిప్పింది. ముందు చక్రాలు మంచుని కరిచిపట్టుకున్నాయి. కారు అతనికి మూరెడు దూరంలోంచి బుద్ధిగా తిరిగి, దిగువన ఆగింది.

తౌనో కోటు మీద పడ్డ మంచు దులుపుకున్నాడు. గుంజ పక్కనుంచి మాత్రం కదల్లేదు.

“మళ్లీ,” అన్నాడు.

రెండేళ్ల కిందట ‘వెనక రెండూ చాలమ్మా’ అని తౌనోయే మంచు టైర్లు బిగించి పంపిన ఈ కారు, కైసా ఎంత తిప్పినా తిరగక ఇదే మలుపులో జారినప్పుడు, ఉత్తరాలు తీసుకుందామని ఆ గుంజ పక్కన నిలబడి ఉన్నది అతని భార్య ఐలా.