అవతలి గట్టు చప్పుడు

హిమాలయాల్లో కేలాంగ్ ఊరికి వెళ్లే దారిలో ఆ మంచు వాలును వసంతంలో తెల్లవారకముందే దాటాలి. ఎండ తగిలితే మంచు మొత్తం విరుచుకుపడుతుంది. ఒక్కొక్కరుగానే వెళ్లాలి. అవతలికి చేరినవాడు బండమీద కర్రతో రెండు దెబ్బలు కొడితేనే వెనకవాడు కదలాలి.

ఆ రాత్రి వెచ్చటి గాలి వీస్తోంది. అంగ్రూప్ కాలు పిక్కదాకా మంచులోకి దిగిపోయింది.

“పెదనాన్నా, మంచు గట్టిపడలేదు. వెనక్కి పోదాం.”

“నిరుడు మీ నాన్నా ఇక్కడే ఇలాగే ఏడ్చాడు. తోస్తేగానీ కదల్లేదు,” అన్నాడు తోబ్దన్.

అంగ్రూప్ తండ్రి పాల్జోర్ అప్పుడే ఈ వాలులో మంచుకింద కూరుకుపోయాడు. శవం కూడా దొరకలేదు.

అంతలో అవతలి గట్టున టక్, టక్‌మని రెండు దెబ్బలు వినిపించాయి. వీళ్లకంటే ముందు ఎవరూ వెళ్లలేదు.

తోబ్దన్ పకపకా నవ్వాడు. “మీ నాన్నేరా! దాటడానికి ఏడాది పట్టింది, బద్ధకిష్టి వెధవకి. పద, దారి బాగుందంటున్నాడు.” కర్రతో అంగ్రూప్ వీపులో పొడిచాడు.

అవతలినుంచి మెల్లగా మాట వినిపించింది.

“వాణ్ణి పంపకు, అన్నా. నువ్వు రా.”

తోబ్దన్ నవ్వు ఆగిపోయింది. గాలి కూడా ఆగిపోయింది.

అంగ్రూప్ పక్కకు తప్పుకున్నాడు. పెదనాన్న వెనకాలకు చేరి, తన కర్ర మొనను ఆయన వీపుకు ఆనించాడు.

“పద పెదనాన్నా. దారి బాగుందట.”